సప్పుడు యాడుందో

రేపు రేడియోవాళ్లు దిగుతాండారంట, నలుగురు.
ఈతకొలను అడగలేదు, సముద్రం దిక్కు కిటికీ అడగలేదు.
పొడుగు బల్ల, మిద్దె మింద జాగా,
ఇంట్లో సప్పుడు ఉండకూడదు, అంతేనంట.

ఈ బుఖాలో సప్పుడేముంది? మేకలు, పడవ మోటార్లు.
"ఆ సప్పుడు కాదు ఓబులా," అని హమూద్ సారు
చిన్న ట్రాన్సిస్టర్ నా చేతిలో పెట్టి పోయినాడు.
స్టేషన్ లేని కాడ ముల్లు పెట్టి గదిగదికీ తిరగల్ల.

తిరిగినా.
ఫ్రిజ్ కాడ గుర్రుమనె. మెట్ల బల్బు కాడ
ఉడుకు నూనెలో ఆవాలేసినట్టు చిటపట.
టీవీ పెట్టె, ఆర్పినాక గూడా, పండ్లు కొరుకుతానే ఉండె.
ఒక్కొక్కటే పీకినా.

మొఫిజుల్ మిద్దె మింద గొట్టం నిలబెట్టి
నాలుగు పక్కలా తాళ్లు లాగినాడు.
రాత్రిపూట ఎవరూ తట్టుకోని పడకుండా
నా పసుప్పచ్చ చీర చింపి పేలికలు కట్టినా.
కొంగు మాత్రం దాపెట్టుకున్నా.

అంతా అయినాక గూడా యాడనో సన్నంగా గీ... అని.
దాని ఎనకాల పోతే పోతే
నా గదిలోకే పోయె.
గంగమ్మ పటం సుట్టూ
రెండు రియాళ్ల రంగు లైట్ల దండ.

నువ్వాంటమ్మా, తల్లీ?
పీకేసినా. గిన్నెలో వత్తేసి ముట్టిచ్చినా.

ట్రాన్సిస్టర్ గమ్మునైపోయె.
ఆ గమ్ములో నుంచి, శానా దూరంగా,
ఎవరో ఒగాయన, ఏం బాసో,
చెప్పిందే చెప్తాండాడు,
ఆగి, మళ్లీ చెప్తాండాడు.

నాలుగు మంచాలకు దుప్పట్లు ఇంకా పరచల్ల.
కూచునే ఉండా.