నిప్పు లేని తీగపాకం

ఇంగమ్‌లో మూడు రోజులు వాన.
కోసిన చెరుకుతో నిండిన తొట్లు
పట్టాల మీదే ఇంజను కోసం నిలబడి
నానిపోయాయి.
నాలుగో నాటికి మిల్లు చేరిన రసం
గరిటెలోంచి కారలేదు,
వేలాడింది.

"చీమిడి," అన్నాడు ల్యాబులో డగ్లస్, మొహం తిప్పేసుకుని.
నేను ఒక్క బొట్టు తీసి
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అద్ది
మెల్లగా ఎడం చేశాను.
తీగ.
తెగని తీగ.
పొయ్యి లేదు, మూకుడు లేదు,
ముదిరిపోతోంది దించమని కేకేసే వాళ్లెవరూ లేరు,
అయినా తీగపాకం వచ్చేసింది.

పాకం పట్టింది
కోత గాటులోంచి దూరిన ఒక బాక్టీరియా.
దానికి చేతులు లేవు.
ఒక ఎంజైమును మాత్రం బయటికి పంపుతుంది;
అది పూలబుట్ట ముందేసుకుని
గుమ్మంలో కూర్చున్న మనిషిలా
పని మొదలెడుతుంది.

పంచదారంటే ఒక జంట:
ఒక గ్లూకోజు, ఒక ఫ్రక్టోజు, మధ్యన ముడి.
ఎంజైము ఆ ముడి విప్పుతుంది.
విప్పినప్పుడు చేతికొచ్చిన బలాన్ని
గాలికి పోనివ్వదు,
దాంతోనే గ్లూకోజును
అంతకుముందు కట్టిన గ్లూకోజుకు కట్టేస్తుంది.
వేరే దారం అక్కర్లేదు.
తెంచిన ముడే కొత్త ముడి.
వందలు, వేలు, అక్కడక్కడ ఒక పక్కకొమ్మ.

ఫ్రక్టోజు రసంలోనే మిగిలిపోతుంది,
ఒంటరిగా,
జంటలో ఉన్నప్పటికంటే తియ్యగా.
దండకెక్కిన గ్లూకోజుకు తీపే ఉండదు.
విడాకుల కాగితం మీద సంతకం పెట్టిన ఏడే
నేనీ ఊరొచ్చాను.
పోలికలు చెప్పను.

వడపోత గుడ్డలు మూసుకుపోయాయి.
పెనంలో పంచదార పలుకులు పలుకుల్లా లేవు,
సూదుల్లా సాగాయి.
వడకట్టిన రసంలో ఆల్కహాలు పోశాను:
గాజుగొట్టంలో పొగమంచు.
ఆ మంచు ఎంత చిక్కనో మిషను ఒక అంకె చెబుతుంది.
ఆ అంకె పెరిగితే
రైతు చేతికొచ్చేది తగ్గుతుంది.

మధ్యాహ్నం సిల్వానో బెర్తొలిని వచ్చాడు,
ఎనభై మూడేళ్లు, బురద బూట్లు,
పోట్లాడ్డానికే వచ్చాడు.
"ఏదీ, నా డబ్బు తిన్నది?"
గాజుగొట్టం చూపించాను.
డెక్స్‌ట్రాన్ అన్నాను.
ఆయన కోపం ఎక్కడో తడబడింది.
"ఆ పేరు నేను విన్నాను.
ఇది నా ఒంట్లో ఉండేది."

అరవై రెండో సంవత్సరం.
చేత్తో చెరుకు నరికే రోజులు.
కత్తి జారి తొడలో దిగింది.
ఆస్పత్రికి చేరేసరికి
ఒంట్లో నెత్తురు సగమే ఉందన్నారట,
సరిపడే నెత్తురు ఊళ్లో లేదన్నారట.
నీళ్లలాంటి సీసా ఒకటి వేలాడదీశారు.
పంచదారతో చేసిందిది, అంది నర్సు.
"నేను నరికినదాన్నే నాలోకి ఎక్కిస్తున్నారనుకున్నా,"
నవ్వాడు.
ప్యాంటు పైకి లాగి మచ్చ చూపించాడు.
డగ్లస్ మళ్లీ మొహం తిప్పేసుకున్నాడు.

అంకె ఎంతో చెప్పాను.
ఆయన భాషలో ఏదో తిట్టాడు,
మచ్చనో, వాననో, నన్నో.

అప్పుడు నా ఫ్లాస్కు తీశాను.
ఇది మిల్లు పని కాదు, నా పిచ్చి:
శుభ్రమైన పంచదార నీళ్లు,
పది చుక్కల ఎంజైము,
ముప్పై డిగ్రీలు, పైన రేకు మూత.
నిన్న నీళ్లలా ఉన్నది
ఇవాళ వంచితే
తొందరపడదు.

"ముట్టుకోవచ్చా?" అన్నాడు.
ఆ మోటు వేళ్ల మధ్య ఒక బొట్టు పెట్టాను.
ఎలా చూడాలో నేను చెప్పలేదు,
తనే మెల్లగా ఎడం చేశాడు.

కిటికీ వెలుగు దాని మీద పాకింది.
తెగుతుందేమోనని
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
బయట ఎవరో
ఖాళీ తొట్లు కడుగుతున్నారు.