ఆరువందల పది గ్రాములు

కింది వాటా కుర్రాడు రాత్రికి రాత్రి ఖాళీ చేశాడు.
మూడు నెలల బాకీ, చిరిగిన సోఫా,
పగిలిన మూలకి టేపు అంటించిన గాజు తొట్టి.
తొట్టిలో ఉన్నది తాడనుకున్నాను.

తాడును చూసి పామని జడుసుకునేవాళ్ళుంటారు.
నేను పామును చూసి తాడనుకున్నాను.
అంతలా ఎండిపోయింది.
ఎత్తబోతే
తాడు ఊపిరి తీసింది.

టేపు మీద పెన్నుతో రాసిన పేరు: డచెస్.
గిన్నెలో నీళ్ళు లేవు, నీళ్ళుండిన పచ్చటి చార ఉంది.
వేడి బల్బుకి జాలీ లేదు.
గ్రిమ్స్‌బీ చలికి దాన్నే వాటేసుకుని పడుకుందేమో
పక్కటెముకల మీద అరచేయంత కాలిన మచ్చ.

డాక్టర్ ఫర్నెస్ తక్కెడలో పెట్టింది.
ఆరువందల పది గ్రాములు.
"ఈ పొడవు కొండచిలువ ఇంతకి రెట్టింపుండాలి."
ఆపైన కళ్ళు చూపించింది.
విడవని కుబుసం, పొర మీద పొర,
పాలకీ నీళ్ళకీ మధ్య రంగులో.
"గోటితో గీకావంటే కన్నే ఊడొస్తుంది.
తడి, వెచ్చదనం, ఓపిక."
మూడోది ఏ కొట్లో దొరుకుతుందని అడగబోయి ఊరుకున్నాను.

నా పని రేవులో, చలిగిడ్డంగిలో.
సున్నాకి ఇరవై రెండు డిగ్రీల కింద
హాడాక్ చేపల దిమ్మలు పేర్చడం, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా.
ఇంటికొచ్చాక గంటదాకా ఈ చేతులు నావి కావు.
మొదటి రాత్రి వాటితోనే తాకాను.
బంతిలా ముడుచుకుని
తలని తనలోనే దాచేసుకుంది.

అప్పట్నించీ కోటైనా విప్పకుండా
వేణ్నీళ్ళ కుళాయి కింద చేతులు పెట్టి
వంద లెక్కపెడతాను.
వేళ్ళు భగ్గుమంటాయి. మననీ.

ఐస్‌క్రీమ్ డబ్బాలో గోరువెచ్చటి నీళ్ళు.
ఆవగింజలు తేలాయి, కాళ్ళున్న ఆవగింజలు.
మచ్చకి తెల్లటి మలాం,
పొలుసుల వాలు వెంబడే, ఎదురు రాయకూడదు.

అక్క వినిఫ్రెడ్ ఫోన్లో అడిగింది:
"విషముందా?"
లేదన్నాను.
"పోనీ, ప్రేముందా?"
అదీ లేదన్నాను.
దానికి నేనొక వెచ్చటి వస్తువుని, అంతే.
ఆ మాటకొస్తే
కొందరికి అంతకూడా కాలేకపోయాను.

నవంబర్ తొమ్మిది: 610. తినలేదు.
పదహారు: 604. తినలేదు.
ముప్ఫై: 598. నీళ్ళు తాగింది. చూశాను.
డిసెంబర్ ఏడు: ఎలుక వైపు తలైనా తిప్పలేదు.

ఊరంతటి చేపల్ని గడ్డకట్టించేవాణ్ణి
వంటింట్లో కూర్చుని
ఒక్క చిట్టెలుకని కరిగిస్తూ,
తోకదాకా వెచ్చబడిందా అని వేలితో చూస్తూ.
రోజూ వృథా. రోజూ చెత్తబుట్ట.

గాలివానకి కరెంటు పోయిన రాత్రి
దిండు గలీబులో వేసి స్వెట్టర్ లోపల పెట్టుకున్నాను.
తెల్లవార్లూ నా పొట్ట మీద
బరువు లేని బరువు అటూ ఇటూ కదిలింది.
రెండ్రోజుల తర్వాత తింది.
దానికీ దీనికీ సంబంధముందో లేదో నాకు తెలీదు.
పట్టకారు చేతిలోంచి లాక్కుపోయినట్టు తింది.
నేను మెట్ల మీదికెళ్ళి కూర్చున్నాను,
పైవాటా ముసలాయన ఎవరైనా పోయారా అని అడిగాడు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున డ్యూటీ దిగి వచ్చేసరికి
తడి నాచులో కుబుసం,
తిరగేసి విప్పిన మేజోడులా, ఒకే ముక్క.
కిటికీకి పట్టి చూశాను.
కాలినచోట పొలుసులు దారి తప్పి అల్లుకున్నాయి.
అది అలాగే ఉండిపోతుందిట.
కళ్ళజోడు వెతుక్కుని తల భాగం విప్పాను.
కుడికంటి పొర ఉంది.
ఎడమది
మడత పడింది, దొరకలేదు.
నోటితో మెల్లగా ఊదాను.
ఉంది.
కందిబద్దంత, ఏ మరకా లేని అద్దం.

తొట్టి తలుపు తీశాను.
నల్లటి, తడి కళ్ళు రెండూ నా వైపు.
చెయ్యి చాపాను.
నాలుక ఒకసారి ఆడించి
వెనక్కి తగ్గింది.

అప్పుడు గుర్తొచ్చింది కుళాయి.
ఒకటి, రెండు, మూడు.