మంగళవారం రిజిస్టరు

పాలమూరు కోర్టు వెనుక, రికార్డు రూము పక్కన
మాకిచ్చిన గది ఒకప్పుడు సైకిల్ స్టాండు.
గోడకు ఇంకా హ్యాండిళ్లు గీసిన గీతలున్నయ్.
బోర్డు మీద పేరు బారెడు:
మత్తు విముక్తి, మానసిక ఆరోగ్య పర్యవేక్షణ విభాగం.
జనం మాత్రం కల్లు కోర్టు అంటరు.

నేను చూడాల్సింది తాగినోళ్లను కాదు,
వాళ్లను చూసుకునేటోళ్లను.
ఏం కొలువే నీది అని చిన్నమ్మ అడిగితే
బాయిల దిగినోని తాడు పట్టుకునే కొలువు అన్న.
దిగినోళ్లు ముగ్గురు, తాడు ఒక్కటే,
ఆ సంగతి చెప్పలే.

మందు కల్లు ఆగిన మూడోనాడు
మెడ వంకరపోయి కొట్టుకుంటున్న మనిషిని
ఒళ్లె పెట్టుకొని కూసుంటడు బాలీశ్వర్.
చాయ మీద మీగడ కట్టేదాక.
మూడు నెలలుగా జీతం లేదు.
ఫైలు కదిలిందంటరు హైదరాబాదుల.
కదిలింది ఎటు పోయిందో చెప్పరు.
బాలీశ్వర్ నన్నేమీ అడగడు.
చేతికి వాచీ కనబడతలేదు, అంతే.

నస్రీన్ నాలుగు నెలల్ల ఒక్క సెలవు అడగలేదని
మెచ్చుకుంటూ రాసిన, బుద్ధి లేక.
ఇంట్ల అబ్బా పిలిచినా
"చెప్పండి, వింటున్న" అంటున్నదట.
బలవంతాన ఆరు రోజులు ఇంటికి పంపిన.
అలిగింది.
అలగనీ.

ఇగ కుర్మయ్య.
ఐదేండ్ల కింద ఇదే రిజిస్టరుల పదిహేడో నెంబరు.
ఇప్పుడు ఊర్లు తిరిగి
రానోళ్లను బండి మీద తోలుకొస్తడు.

పోయిన మంగళవారం
కోయిలకొండ ఆశన్న పేరు ఎదుట
నిండు బొటనవేలి ముద్ర.

ఆశన్న బొటనవేలు నిండుగ లేదు.
కొస జడ్చర్ల జిన్నింగు మిల్లు తిన్నది.
వారం వారం నెలవంకంత గుర్తు పడేది,
ఈసారి పున్నమి పడ్డది.

రిజిస్టరు తిప్పి కుర్మయ్య ముందు పెట్టిన.
చానాసేపు ఫ్యాను దిక్కు చూసిండు.
"నాటేస్తుండు మేడం. రెండేండ్ల పడావు భూమి.
కోర్టుకొస్తే నీళ్ల వంతు పోతది,
రాకుంటే బెయిలు పోతది.
ఎవరో ఒకరు వేలు పెట్టాలె గద."

ఒక్క ముద్ర దొంగదని తేలితే
తక్కిన నూట నలభై ముద్రలను జడ్జమ్మ నమ్ముతదా?
నీ ముద్రను నమ్మే గద నిన్ను ఇడిచిపెట్టింది?
ఆఖరి మాట అనకుండ ఉండాల్సింది.
పదిహేడో నెంబరు తలకాయ దించుకున్నడు.
ఎర్ర సిరాతో కొట్టేసిన. గైర్హాజరు.
మెమో టైపు చేసిన.
సంచిల పెట్టుకొని, చూపియ్యి పొలం, అన్న.

బుధవారం పొద్దున అతని బండి మీద పోయినం.
మడి సగం నాటి ఉంది.
సాళ్లు వంకర, అయినా సాళ్లే.
తక్కిన సగంల నీళ్లు.
ఒడ్డు మీద నారు కట్టలు, కొసలు వాడి.
ఆశన్న లేడు.

పక్క మడి ఆమెను అడిగితే
నిన్న పగటీలి దాక ఉండె అన్నది.
అటెన్క?
చెయ్యి కంపౌండు దిక్కు ఊపిందో,
ఇంటి దిక్కే ఊపిందో.
రెండూ ఒక్క తొవ్వలనే ఉన్నయ్.

కుర్మయ్య నాతో ఏమనలే.
ప్యాంటు మోకాళ్లకు మడిచి దిగిండు.
కట్ట విప్పి, నడుం వంచి, నాటబట్టిండు.
నేను చెప్పులు ఇడిచి నారు అందించిన,
ఒంటిగంట దాక.
ఎవరి కోసం అని అడగలే.

శుక్రవారం రిపోర్టుల హాజరుకు ఒక గడి, గైర్హాజరుకు ఒక గడి.
సగానికి గడి లేదు.
కింద చిన్న అక్షరాలతో రాసిన:
మనిషి దొరకలేదు. మడి సగం నాటి ఉంది.
ఇంకో మంగళవారం ఇయ్యగలరు.

మెమో మాత్రం ఆనాడే ఇచ్చిన, ఆ గట్టు మీదనే.
కుర్మయ్య రెండుసార్లు చదివిండు.
పెన్ను కోసం నేను సంచిల దేవులాడుతుంటే
కాగితం కింద బురద వేలు ఒత్తిండు.

నిండు ముద్ర.
ఈసారి తన పేరు మీదనే.