ఒకటి నుంచి పది దాకా

ఫోన్ల మేడమ్ మెత్తగ అడిగింది:
"స్వరూపా, ఒకటి నుంచి పది దాకా
మీ ఒత్తిడికి ఎంత వేస్తారు?"

నాకు అంకెలంటే వేలికి పెట్టే క్లిప్పే మేడమ్.
తొంభై ఆరంటే ఒక చాయ్ తాగొచ్చు.
తొంభై ఒకటంటే బోర్లా పండబెట్టాలె.
ఎనభై నాలుగంటే
నేరేడ్‌మెట్ చౌరస్తా దాకా చెప్పుల్లేకుండ ఉరకాలె,
అంబులెన్సుకు గల్లీ చూపెట్టనీకి.
నా వేలికి నేనెప్పుడు పెట్టుకోలే.

గేటుకు తాళమేసి ఇరవై ఆరు రోజులాయె.
పదకొండు మందిమి నలుగురమైనం.
కొందరు జ్వరంతోని పోయిన్రు, కొందరు భయంతోని.
ఒకామె ఇంటాయన వచ్చి గేటవతల నిలవడి
ఏం మాట్లాడకుండ ఆమె చెప్పుల దిక్కు చూసిండు.
ఆమె తొడుక్కొని పోయింది.
ఎవర్నీ ఏమనలే.
ఇష్రత్, నేను, వంట పోశవ్వ, వాచ్‌మన్ పిలగాడు.
ముప్పై ఒక్క మంచాలు.

సూటు తొడిగినంక నీళ్లు తాగం.
తాగితే ఒంటికి పోవాలె, పోతే సూటు చింపాలె,
ఎనిమిదే ఉన్నయ్.
చెమట కారి కారి బూట్లల్ల నిలుస్తది,
నడిస్తే వానల గల్లీ దాటినట్టు సప్పుడు.
మొదట్ల ఒకనాడు ఎదురు బాల్కనీలోళ్లు
మా కోసమంట, పళ్లాలు కొట్టిన్రు.
పండుకున్న ఏడుగురు దడుసుకొని లేచి ఏడ్చిన్రు.

మొఖాలు కనవడక పెద్దోళ్లు గాబరైతున్రని
ఇష్రత్ మార్కరుతోని ఛాతీల మీద పేర్లు రాసింది.
నా పేరు పక్కన బంతిపువ్వు గీసింది.
తులజాబాయి టీచరమ్మకు పేర్లు నిలవయి,
పువ్వు నిలిచింది.
"బంతీ, ఆఖరి గంట కొట్టిన్రా?" అంటది రోజు.
"ఇంక లేదమ్మా" అంట.
మొన్న రాత్రి రెండింటికి అడిగింది.
"కొట్టిన్రు, పండుకో" అన్న.
నిద్రొస్తుండె, అందుకే అన్న.
సరేనని కండ్లు మూసింది.

ఏం కాలే మేడమ్, పొద్దుగాల మంచిగ ఉప్మా తిన్నది.
కానీ ఆ మాట అన్నకాన్నుంచి
నా చెయ్యి వణుకుడు ఆగుతలేదు.

ఆరో నంబరు చక్రపాణి సారుకు గడ్డం సగమే గీసిన.
దమ్మొస్తుందంటే మిగిలింది రేపు గీస్తనన్న.
ఆ రేజరు స్టోరుల్నే ఉంది.
పారెయ్యాలె. ఏ రంగు బుట్టల వెయ్యాల్నో
ఇరవై సార్లు నేర్పిన దాన్ని, నాకే యాదికి వస్తలేదు.

మా బిడ్డ వీడియోల ఊడిన పన్ను చూపెట్టింది.
నేను నవ్విన్నంట. మాస్కు తీసి నవ్వమన్నది.
ముక్కు మీద పుండు కనవడ్తదని
సిగ్నలు లేదన్న.

ఐదు వేసుకోన్రి మేడమ్.
ఐదంటే జీతం కోయరు గదా.

"నిద్ర పడుతుందా?" అన్నది.

డైపర్ల డబ్బాల మీద కూసొని,
గోడకు తల ఆనిచ్చి,
అదే చెప్దామని నోరు తెరిచిన.

తెలివొచ్చేసరికి చెంప మీద ఫోను కాలుతుంది.
తెర మీద అంకెలు ఇంకా నడుస్తున్నయ్,
నలభై ఏడు నిమిషాలు.
అవతల ఎవరో మెల్లగ
కాయితాలు తిప్పుతున్న సప్పుడు.

"మేడమ్?"
"ఉన్నాను స్వరూపా."

ఏమనాల్నో తెల్వలే.
ఆరో నంబరు మంచానికి కొత్త దుప్పటి పరవాలె.
ఫోను పెట్టకుండనే లేసిన.