అర చెంచా

ఐరాల దోవలో, చెరకు తోటల నడాన
మా గానుగ.
తెల్లారుజామున నాలుగుకే
పొయ్యి నోట్లో పిప్పి కుక్కుతాడు ఆరుముగం.
పెనంలో రసం
ముందు పచ్చగా, ఆనక మురికిగా,
ఆ మీద నురగై పైకి లేస్తాది.
బెండ కాడల జిగురు పోసి
మడ్డి తీసేది నా పని.

పాకం దించబోయే ముందు,
డబ్బా మూత తీయకముందే
ఒక సత్తు గిన్నెడు పక్కకు తీస్తాను.
అది మా ఇంటికి.
వానకు తడిసిన మట్టిగోడ రంగు,
చుట్టాల ముందు పెట్టలేని రంగు.
మా అత్త దాన్ని కొరికి, కండ్లు మూసుకొని
"ఇది బెల్లం" అంటాది.
మిగతాదాన్ని ఏమనాలో
ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

మిగతాదానికి హైడ్రోసు.
నీలం డబ్బా, తెల్లని పొడి,
మూత తీస్తే కాలిన అగ్గిపుల్ల వాసన.
ఒక చెంచా. నిండుగా.
కలిపే కొద్దీ పెనం పాలిపోతా వస్తాది,
కామెర్లొచ్చిన మొకం మాదిరి.

మండీలో వాసన చూసేవాళ్ళు లేరు.
దిమ్మను ఎండకు ఎత్తి పట్టి, గోరుతో గీకి
"పసుపు బాగుండాది" అంటాడు గుమాస్తా వజ్రవేలు.
నల్లదానికి ముప్పై ఆరు,
పసుప్పచ్చదానికి నలభై రెండు.
ఆ ఆరు రూపాయల్లోనే
కోత కూలి, డీజిలు, చెంగల్రాయుడి చీటీ,
లోహిత నోటు పుస్తకాలు.
"తెల్లగా ఉండేదే ఇయ్యి, ఆ మురికిది వద్దు" అని
అంగట్లో అడిగే ఆయమ్మను
నేను తిట్టలేను.
ఆమె కూడా నెలాఖరు సరుకుల చీటీ ముందు
పెన్సిలు కొరికే మనిషే.

ఏడాదికొక తూరి ఆఫీసరు వస్తాడు,
సీసాలతో, సీలు లక్కతో.
ముందురోజే ఫోనొస్తాది.
ఆ ఒక్క దినం
ఊరందరికీ మా ఇంటి బెల్లమే.

పోయిన శుక్రవారం
లోహిత బడి నుంచి వచ్చింది.
గుప్పిట్లో సగం కొరికిన చిక్కీ.
"నీకోసరం దాచినా, మా."
శెనక్కాయ పప్పుల సందున
పసుపు.
మా గానుగదేనని కాదు.
జిల్లాలో ఎన్ని పెనాలు, ఎన్ని నీలం డబ్బాలు!
అయినా నాలిక మీద పెట్టుకుంటే
తీపి వెనకాల, సన్నంగా,
ఎవరో అగ్గిపుల్ల గీసినట్టయింది.
"బాగుండాదా?"
"బాగుండాది" అన్నాను.

ఇంటి గిన్నె వేరే, అమ్మే పెనం వేరే అని
నడాన గీత గీసుకుంటిమి.
నా బిడ్డ చెప్పులేసుకొని
ఆ గీత దాటి
రోజూ బడికి పోతాంది.

మరసనాడు డబ్బా తీసి
చెంచాను అంచుకు తట్టినాను, సగం రాలిపోయేటట్టు.
ఆరుముగం చూసినాడు. ఏమీ అనలేదు.
ఇంకో చేటెడు పిప్పి ఎగదోసినాడు.
చెంగల్రాయుడికి నేను చెప్పలేదు.

మండీలో వజ్రవేలు
దిమ్మను ఎత్తి, తిప్పి, మళ్ళా తిప్పి
"రంగు దిగిందే, ఏమక్కా?"
కిలోకు రెండు రూపాయలు కోసి రాసినాడు.

రాత్రి లెక్కల పుస్తకంలో
కూలి కింద, డీజిలు కింద
కొత్త వరస ఒకటి రాసినాను:
అర చెంచా, రెండు రూపాయలు.
దానికెదురుగా జమలో ఏం రాయాలో
ఇంకా తేలలా.
పెన్సిలు చెవి వెనకాల దోపుకొని లేచినాను.
రేపటి చెరకు ట్రాక్టరు
అప్పుడే గానుగ కాడ హారను కొడతాండాది.