మూడో వంపు

జురువా నది మీద పదకొండేళ్లు
డాక్టర్ జాందిరాను తిప్పింది నేనే.
ఒళ్లో ఐసు పెట్టె, అందులో తట్టు టీకాలు.
పడవ ఎంత ఊగినా
మూత మీంచి చెయ్యి తీసేది కాదు.

పిల్లాడి ఛాతీకి ఆనించే ముందు
స్టెతస్కోపు బిళ్లను గుప్పిట్లో వెచ్చజేసేది.
"ఉలిక్కిపడ్డ గుండె అబద్ధం చెబుతుంది సెవెరో."

తర్వాత ఎన్నికలు. మనౌస్‌లో శాసనసభ.
ఏరు దాటాక తెప్ప తగలేస్తుందన్నారు మావాళ్లు.
నేనూ కాదనలేదు.
రేవురేవుకీ సోలార్ ఫ్రిజ్ అని బిల్లు పెట్టి
మూడు ఓట్లతో ఓడింది.
ఆ రాత్రి నా పడవలో కూచుని
ఎండుచేప నంజుకుంటూ
మాట తప్పిన ముగ్గురి పేర్లూ చెప్పింది,
మందుచీటీ రాసినంత నిదానంగా.
మరుసటేడు ఇద్దర్ని తనవైపు తిప్పుకుంది.
వాళ్లకేమిచ్చిందో
నేనడగలేదు. తనూ చెప్పలేదు.

ఇప్పుడు బ్రజీలియాలో
దేశం మొత్తం టీకాలకి పెద్ద.
నిన్న తెల్లారకుండానే ఫోను:
"మూడో వంపు దగ్గర ఇళ్లెన్ని?
నా మ్యాపులో అక్కడ నీళ్లే ఉన్నాయి."
పద్నాలుగన్నాను.
పెట్టేశాక గుర్తొచ్చింది,
వరదకి రెండు పోయాయి,
మా చెల్లెలిది ఒకటి కొత్తగా లేచింది.

రాత్రి టీవీలో ఆమె.
నోరు విప్పేముందు
మైకును గుప్పిట్లో మూసి కాసేపు ఆగింది.
విలేకర్లు గొణుక్కున్నారు.
నేను మాత్రం, నవ్వకండి,
చొక్కా పై గుండీ విప్పుకున్నాను.

పొద్దున్నే చెప్పాలి:
పదమూడు.