మెడ కదపకండి బావూ

మెడ కదపకండి బావూ,
కత్తిలో కొత్త బ్లేడు.
అడిగినారు కాబట్టి సెప్తాను,
మీరు మాత్రం గెడ్డం ఎత్తే ఉంచండి.

ఆ గేటు లోపల సదివే గుంటలు
లోకం సెప్పినట్టే ఉంతారా అని కదా.
లోకం ఏటి సెప్తాదో నాకు తెల్దేటి,
ఈ కుర్చీలోనే కూకుని సెప్తాది.

పిలకలంతారు. పప్పూ పెరుగూ అంతారు.
సిల్లర లెక్క రాదు, బస్సెక్కడం రాదు,
పలకరిత్తే శ్లోకం, తిడితే శ్లోకం,
మనం తగిల్తే నీళ్లు పోసుకుంతారు అంతారు.
ఆడగుంటలైతే మరీని,
నవ్వు కూడా పుస్తకంలో దాచీసుకుంతారంట.

పందొమ్మిదేళ్లు ఈ కొట్టు,
ఇజీనారం గంటస్తంభం గంట వినబడే దూరంలో.
సంస్కృతం కాలేజీ తలలు లెక్కెట్టమంటే
నానే ఎట్టాలి.
పిలకలు పదకొండు.
మిగతావన్నీ పక్కలు గొరిగి మీద కుచ్చు వొగ్గే రకం,
ఫోనులో బొమ్మ సూపించి
"ఇలగే రావాల" అని.

ఇటు తిరగండి. నురగ కంట్లో పడతాది.

మైలపల్లి దానయ్యని ఒకడున్నాడు,
చింతపల్లి సముద్రం ఒడ్డు గుంటడు, వ్యాకరణం.
శనివారం ఊరెల్లి
సోమవారం ఎండు నెత్తళ్ల వాసనతో వొస్తాడు.
సంధులంతే వల ముడులంట,
ఒకటి వదులైతే సేప ఎల్లిపోతాదంట.
ఆ మాట ఇని ఆల్ల మేస్టారు
సాలాసేపు సాక్ పీసు పట్టుకునే నిలబడిపోనాడంట.

సీతంపేట కొండల్నుంచి సవర సుక్కమ్మ.
మొదటి రోజు గేటు కాడ వాచ్‌మేను
"ఎవులింటికి, పనికా?" అన్నాడు.
ఆ గుంట సంస్కృతంలో ఒక్క వాక్యం సెప్పినాది,
మూరెడు పొడుగు.
తిట్టో, దీవెనో, ఈడికి ఇప్పటికీ తెల్దు.
రోజూ సెల్యూట్ కొడతాడు, ఎందుకేనా మంచిదని.

అలగని అంతా అబద్ధమంటే
అదీ అబద్ధమే అవుతాది బావూ.
సోమయాజి గుంటడొకడు, పిలకతో సహా, అచ్చం లోకం సెప్పినట్టే.
డబ్బు నా సేతిలో ఎట్టడు, బల్ల మీద ఎడతాడు.
మొదట్లో గుండెలో జిల్లేడు పాలు పడినట్టుండేది.
గొరిగించుకుని ఎల్లి తానం సేత్తాడు,
దానికి మాత్రం నానేటీ అనను,
నా పెళ్లాం నన్ను తానం నేకుండా గుమ్మం దాటనిస్తాదేటి?
కానీ ఆ బల్ల... ఆ బల్ల నిజమే.
ఒకపాలి కుర్చీలోనే నిద్దరపోనాడు,
నిద్దట్లో "రనౌట్!" అని అరిసినాడు.
అదీ నిజమే.
రెండూ ఎలగ కలపాలో నాకు రాదు.

కొంచెం పైకి. ఆ, అలగ.

మొన్నో కొత్త గుంటడు అడిగినాడు నన్ను,
"మీరు సన్నాయి బాగా ఊదుతారు కదండీ?"
మావోళ్లంతే సన్నాయి అని ఆడికెవులో సెప్పుంతారు.
మా తాత ఊదేవోడు.
నాకు బెలూనుకే ఊపిరి సాలదు.
కానీ ఆ మొకం అంత ఎలిగిపోతంటే
ఊదుతానని అనీసినాను.
అప్పట్నుంచి పెళ్లి మేళం ఇనబడితే
ఈధి మార్చి నడుస్తున్నాను.

ఆ రాత్రి నిద్దర పట్టనేదు బావూ.
ఆ పదకొండు పిలకల్లో
ఎన్ని నాలాటి అబద్ధాలో అనిపించినాది,
ఎవులి మొకమో ఎలగాలని పెంచినవి.

మీ సంగతి సెప్పక్కర్నేదు,
గోళ్ల సివర నలుపు సూసే అనుకున్నాను,
పలాస, జీడిపిక్కల యాపారం.
కాదా?
లారీ మెకానిక్కా?
ఊరు కూడా పలాస కాదా!

సరే, ఇంక ఆ కిటికీలోంచి సూడ్డం మానీయండి.
మీ అమ్మాయి గేటు కాడ నేదు.
ఇందాకే లోపలికెల్లిపోనాది,
సుక్కమ్మతో ఏటో మాటాడుకుంటా.
మీరు లేవకండి,
రెండో సెంప మిగిలుంది.